రెండు ధ్రువాలూ చూసినవాడు

తొమ్మిదో తరగతిలో ఒక మధ్యాహ్నం మా సోషల్ మాస్టారు నల్లబల్ల మీద పక్కపక్కనే రెండు పెద్ద సున్నాలు చుట్టారు. ఒకటి ఉత్తర ధ్రువం, ఒకటి దక్షిణ ధ్రువం, రెండింటికీ తేడా చెప్పమన్నారు. నేను మొదటి బెంచీలో కూర్చునేవాణ్ణి కాబట్టి ప్రశ్న నా మీద పడింది. రెండుచోట్లా మంచే, అక్కడ తెల్ల ఎలుగుబంట్లు, ఇక్కడ పెంగ్విన్లు అని చెప్పి కూర్చోబోయాను. ఆయన నన్ను కూర్చోనివ్వలేదు. నీలం సుద్దముక్క తీసుకుని మొదటి సున్నాకు లోపల రంగు నింపారు, రెండోదానికి బయట నింపారు. పైన నేల చుట్టుముట్టిన సముద్రం. కింద సముద్రం చుట్టుముట్టిన నేల. పైకి కనిపించే తెలుపు ఒకటే గానీ కింద ఉన్నది వేరు. ఆ బొమ్మను మనలో చాలామంది పరీక్ష కోసం గీసే ఉంటారు. ఐదు మార్కుల ప్రశ్న అది.

ఆ రోజే ఇంకో మాట కూడా చెప్పారు. ఆర్యభటుడు తన ఆర్యభటీయంలో ఉత్తరాన మేరువు నేల మధ్యలో ఉందనీ, దక్షిణాన బడబాముఖం నీటి మధ్యలో ఉందనీ రాశాడట. భూమి గుండ్రమనీ, ధ్రువాల దగ్గర ఆరునెలలు పగలూ ఆరునెలలు రాత్రీ అనీ లెక్కగట్టి చెప్పిన మనిషి ఈ ఒక్క విషయంలో తిరగేశాడు. అతని తప్పేముంది? వెళ్ళి చూసినవాడెవడు? చూసి తేల్చడానికి మనుషులకు ఇంకో పద్నాలుగు వందల ఏళ్ళు పట్టింది.

అలా రెండు కొనలకూ వెళ్ళి చూసిన మొదటి ఇద్దరిలో ఒకడు నార్వే దేశస్థుడు రోల్డ్ అముండ్‌సెన్. రెండోవాడు అతని సహచరుడు ఆస్కార్ విస్టింగ్. దక్షిణ ధ్రువానికి మొదట చేరినవాడిగా అముండ్‌సెన్ పేరు మన పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంలో ఉండేది. ఆ వాక్యం వెనక ఉన్న మనిషిని గురించి బడి వదిలాక ముప్ఫై ఏళ్ళుగా దొరికినదల్లా చదువుతూ వచ్చాను. అతను గొప్పవాడని చెప్పడానికి కాదు నేనిది రాయడం. అతని గెలుపుకీ, అతని చావుకీ ఆ నల్లబల్ల మీది బొమ్మతో ఉన్న సంబంధం చెప్పాలని.

అముండ్‌సెన్ 1872 జూలై 16న ఫ్రెడ్రిక్‌స్టాడ్ దగ్గర బోర్గెలో పుట్టాడు. ఓడలున్న కుటుంబం. నలుగురు అన్నదమ్ముల్లో చివరివాడు. పద్నాలుగేళ్ళకు తండ్రి పోయాడు. ఈ కొడుకైనా ఓడ ఎక్కకుండా డాక్టరు కావాలని తల్లి కోరిక. అతనేమో అప్పటికే జాన్ ఫ్రాంక్లిన్ కథలు చదివి మనసు పారేసుకున్నాడు. 1845లో ఫ్రాంక్లిన్ అనే బ్రిటిష్ నౌకాధికారి రెండు ఓడలతో, 129 మందితో కెనడా పైనుంచి పసిఫిక్‌కు దారి వెతకడానికి వెళ్ళాడు. ఒక్కరూ తిరిగి రాలేదు. మామూలు పిల్లవాడికి ఆ కథ చదివితే భయమేయాలి. ఇతను మాత్రం చలి అలవాటవ్వాలని నార్వే చలికాలంలో కిటికీ తెరుచుకుని పడుకునేవాడు. పదహారేళ్ళప్పుడు, 1889లో, గ్రీన్‌లాండును స్కీల మీద అడ్డంగా దాటి వచ్చిన నాన్సెన్‌ను రాజధాని జనమంతా ఊరేగిస్తుంటే ఆ గుంపులో నిలబడి చూశాడు. తల్లి మాట కాదనలేక వైద్యం చదువులో చేరాడు. 1893లో ఆమె చనిపోయింది. పుస్తకాలు మూసేసి ఓడల దారి పట్టాడు. ఇష్టంలేని కోర్సులో చేరి ఇంట్లో చెప్పలేక సతమతమైనవాళ్ళు మన బ్యాచ్‌లోనూ ఉన్నారు, వాళ్ళకిది బాగా అర్థమవుతుంది.

అతని మొదటి ధ్రువయాత్ర దక్షిణానికే. 1897లో బెల్జికా అనే బెల్జియం ఓడలో మేటుగా వెళ్ళాడు. 1898 మార్చిలో ఆ ఓడ అంటార్కిటికా పక్కన గడ్డకట్టిన సముద్రంలో చిక్కుకుని ఏడాది పాటు మంచుతో పాటే కొట్టుకుపోయింది. అంటార్కిటిక్‌లో చలికాలం గడిపిన మొదటి మనుషులు వాళ్ళే. నెలల తరబడి సూర్యుడు లేడు. డబ్బా తిండి తిని చిగుళ్ళు వాచాయి, స్కర్వీ పట్టుకుంది, కొందరికి మతి చలించింది. ఓడ డాక్టరు అమెరికావాడు ఫ్రెడరిక్ కుక్. సీల్, పెంగ్విన్ మాంసం తాజాగా తింటేనే బతుకుతారని పట్టుబట్టి తినిపించాడు. చివరికి మంచులో రంపాలతో కాలువ కోసి ఓడను బయటికి లాగారు. తాజా మాంసం స్కర్వీని ఆపుతుందన్న సంగతి అముండ్‌సెన్ మళ్ళీ మరిచిపోలేదు. కెప్టెన్ ఒకరు, యాత్రానాయకుడు ఇంకొకరు అయితే గొడవలొస్తాయని గ్రహించి, రెండూ తానే కావాలని కెప్టెన్ పరీక్ష కూడా పాసయ్యాడు.

తర్వాత ఉత్తరం. ఫ్రాంక్లిన్ పోగొట్టుకున్న దారినే పట్టుకున్నాడు. యోవా అనే చిన్న చేపల పడవ కొన్నాడు. 47 టన్నులది, అది కూడా 1872లోనే తయారైంది. ఆరుగురు మనుషులు, తనతో ఏడుగురు. అప్పులవాళ్ళు పడవను పట్టుకుంటారని తెలిసి 1903 జూన్‌లో ఒక వానరాత్రి చప్పుడు చెయ్యకుండా బయల్దేరాడు. పెద్ద ఓడలూ, పెద్ద దండూ ఉన్న ఫ్రాంక్లిన్ ఎందుకు చచ్చాడో అతనికి తెలుసు. కెనడా పైన ఉన్నది విడి సముద్రం కాదు. దీవుల మధ్య ఇరుకు సందులు, లోతులేని నీళ్ళు. అక్కడ అంతమందికి వేటాడి తిండి పెట్టడం కుదరదు. ఏడుగురికైతే కుదురుతుంది.

కింగ్ విలియం దీవిలో ఒక చిన్న రేవులో రెండు చలికాలాలు ఆగాడు. కదిలే వీలున్నా ఆగాడు, ఎందుకంటే అయస్కాంత ధ్రువం కొలతలు తియ్యాలి. 1831లో జేమ్స్ క్లార్క్ రాస్ గుర్తించిన చోట ఇప్పుడు అది లేదని, జరిగిందని ఆ కొలతలు తేల్చాయి. దిక్సూచి సూది చూపే చోటే నిలకడగా ఉండదని తేల్చిన పని అది. నన్నడిగితే అతని జీవితంలో ముఖ్యమైన చదువు మాత్రం ఆ కొలతలు కాదు, ఆ రేవు పక్కన గుడిసెలు వేసుకున్న నెట్సిలిక్ ఇన్యూట్ల దగ్గర జరిగింది. కుక్కల్ని ఎలా కట్టాలి, స్లెడ్జి చక్కలకు కింద మంచు పూత ఎలా పెట్టాలి, మంచు ఇల్లు ఎలా కట్టాలి, చెమట పట్టకుండా ఎలా నడవాలి. ముఖ్యంగా బట్టలు. రెయిన్‌డీర్ తోలు కోట్లు రెండు పొరలుగా, వదులుగా, లోపల గాలి ఆడేట్టు వేసుకుంటారు. ఐరోపావాళ్ళ ఉన్నికోట్లు చెమటకు తడిసి, ఆ తడి గడ్డకట్టి మనిషిని చంపేవి. చదువుకున్న దొరలు ఆటవికులనుకున్నవాళ్ళ ముందు అతను రెండేళ్ళు విద్యార్థిగా కూర్చున్నాడు. దక్షిణాన అలా నేర్పేవాళ్ళు ఎవరూ లేరు. అక్కడ మనుషులే లేరు. ఈ తేడా కూడా ఆ బొమ్మలోంచే వచ్చింది. ఉత్తర సముద్రం చుట్టూ ఖండాలున్నాయి కాబట్టి మనుషులు వేల ఏళ్ళుగా నడిచి వెళ్ళి దాని ఒడ్డున స్థిరపడ్డారు. అంటార్కిటికా చుట్టూ ఉన్న తుఫాను సముద్రాన్ని దాటి వెళ్ళినవాళ్ళు లేరు.

1905 ఆగస్టులో యోవా పడమర నుంచి వచ్చిన ఒక అమెరికన్ తిమింగలాల ఓడను కలుసుకుంది. నాలుగు వందల ఏళ్ళుగా వెతుకుతున్న దారి దొరికినట్టే. వెంటనే మంచు మళ్ళీ కట్టేసింది. ఆ కబురు తంతి కొట్టడానికి అముండ్‌సెన్ దాదాపు 800 కిలోమీటర్లు నడిచి అలాస్కాలోని ఈగిల్ అనే ఊరు చేరాడు. తంతికి డబ్బు లేదు. అవతలి వాళ్ళ ఖర్చు మీద పంపాల్సి వచ్చింది.

ఇక్కడ ఫ్రామ్ అనే ఓడ గురించి కాస్త చెప్పాలి, ఇంజినీరుగా నాకు అది లేకుండా కథ సాగదు. 1881లో సైబీరియా పైన జానెట్ అనే ఓడ మంచులో నలిగి మునిగింది. మూడేళ్ళ తర్వాత దాని సామాన్లు అవతల గ్రీన్‌లాండు ఒడ్డున దొరికాయి. మధ్యలో నేల ఉంటే అవి అలా రావు. మంచు కింద సముద్రం ఉంది, అది కదులుతోంది అని నాన్సెన్ అనుకున్నాడు. మంచుతో పోరాడని ఓడ కావాలన్నాడు. కోలిన్ ఆర్చర్ దాన్ని గిన్నెలా గుండ్రటి అడుగుతో కట్టాడు. రెండు వైపులా మంచు నొక్కితే ఓడ నలగదు, జారి పైకి లేస్తుంది. 1893 నుంచి 1896 వరకు ఫ్రామ్ మంచులో ఇరుక్కుని దానితో పాటే తేలుతూ అవతల బయటపడింది. దారిలో లోతు కొలుస్తూ పోతే 3,000 మీటర్లు దాటింది. నల్లబల్ల మీద మొదటి సున్నాలో నీలం రంగు నింపింది ఆ ఓడే. అయితే గిన్నె అడుగు ఓడ విడి సముద్రంలో విపరీతంగా ఊగుతుంది. ఒకచోటికి సరిగ్గా సరిపోయిన డిజైను ఇంకోచోట బాధపెట్టింది.

అముండ్‌సెన్ అదే ఫ్రామ్‌ను నాన్సెన్ దగ్గర అడిగి తీసుకున్నాడు. నాన్సెన్‌కు ఆ ఓడలో తానే దక్షిణ ధ్రువానికి వెళ్ళాలని ఉండేది. కుర్రవాడి కోసం వదులుకున్నాడు. అముండ్‌సెన్ చెప్పింది ఉత్తర ధ్రువం దగ్గరగా మంచుతో తేలిపోతానని. ఇంతలో 1909 సెప్టెంబరులో ఉత్తర ధ్రువం చేరామని ముందు కుక్, వెంటనే పియరీ ప్రకటించారు. కుక్ అంటే బెల్జికాలో ప్రాణాలు నిలిపిన ఆ డాక్టరే. వాళ్ళిద్దరి మాటా నేడు చాలామంది నమ్మరు గానీ అప్పుడు ఉత్తరానికి విలువ పోయింది. నెత్తిన అప్పులు, చేతిలో ఓడ. అముండ్‌సెన్ మనసులో దక్షిణానికి తిరిగాడు, ఎవరికీ చెప్పలేదు. అన్న లియోన్‌కీ, ఇంకా ఒకరిద్దరికీ తప్ప. నాన్సెన్‌కు చెప్పలేదు. డబ్బిచ్చినవాళ్ళకు చెప్పలేదు. అప్పటికే దక్షిణానికి సిద్ధమవుతున్న బ్రిటిష్ కెప్టెన్ స్కాట్‌కు చెప్పలేదు. 1910 సెప్టెంబరులో మదీరా దీవి దగ్గర తన మనుషుల్ని డెక్ మీద నిలబెట్టి అసలు సంగతి చెప్పాడు. అందరూ సరేనన్నారు. స్కాట్‌కు మెల్‌బోర్న్‌లో తంతి అందింది.

ఇది అతని జీవితంలో మచ్చ అని నేను ఇప్పటికీ అనుకుంటాను. చెప్పి ఉంటే ఓడ ఇచ్చేవాళ్ళు కారేమో. అయినా తన కోరిక మానుకుని ఓడ ఇచ్చిన పెద్దమనిషి దగ్గర దాచడం తప్పే. అతన్ని అభిమానించేవాళ్ళు ఇక్కడ తొందరగా పేజీ తిప్పేస్తారు.

1911 జనవరిలో ఫ్రామ్ రాస్ మంచు పలక అంచున ఉన్న తిమింగలాల అఖాతం చేరింది. ఆ పలకను 1841లో కనుగొన్నది ఉత్తర అయస్కాంత ధ్రువాన్ని గుర్తించిన రాస్సే. అతను అప్పుడు నడిపిన ఎరిబస్, టెర్రర్ అనే ఓడలే తర్వాత ఫ్రాంక్లిన్‌తో ఉత్తరానికి వెళ్ళి మంచుపాలయ్యాయి. ఈ రెండు కొనల చరిత్ర అలా ముడులు పడి ఉంటుంది. ఆ అఖాతం దగ్గర మంచు ఎప్పుడు విరిగి సముద్రంలోకి పోతుందోనని షాకిల్టన్ 1908లో భయపడి వదిలేశాడు. అముండ్‌సెన్ రాస్ కాలం నుంచి ఉన్న వర్ణనలన్నీ చదివి, డెబ్భై ఏళ్ళుగా ఆ మలుపు అక్కడే ఉందంటే కింద ఏదో నేల ఆపుతోందని లెక్కవేశాడు. లెక్క సగం నిజం. వెనకాల మంచు కప్పిన దీవి ఉందని తర్వాత బయటపడింది. అతను ఇల్లు వేసుకున్నచోటు మాత్రం నీటి మీద తేలేదే. ఆ ముక్క ఏనాడో విరిగి కొట్టుకుపోయింది. అయితే ఆ చోటు స్కాట్ విడిదికంటే ధ్రువానికి దాదాపు వంద కిలోమీటర్లు దగ్గర.

ఉత్తరాన నేర్చుకున్నదాంట్లో ఏది తెచ్చుకోవాలో, ఏది అక్కడే వదలాలో తెలుసుకోవడమే అతని అసలు ప్రతిభ. కుక్కలు, స్కీలు, తోలుబట్టలు తెచ్చుకున్నాడు. మిగతావి మార్చాడు. ఉత్తర సముద్రం మీది మంచు రెండుమూడు మీటర్ల మూత. కింద నీరు ఈడుస్తుంటే రాత్రి పడుకున్నచోట తెల్లారి ఉండం. అక్కడ తిండి దాచిపెట్టి వెళితే అది ఎటో తేలిపోతుంది. వేసవి వస్తే మూత పగిలి నీళ్ళు తేలతాయి కాబట్టి చలి తగ్గకముందే నడవాలి. దక్షిణాన అలా కాదు. అక్కడ దాచిన మూట దాదాపు దాచినచోటే ఉంటుంది. కాబట్టి డిపోలు పెట్టవచ్చు. అతను చలికాలానికి ముందే 80, 81, 82 డిగ్రీల దగ్గర మొత్తం మూడు టన్నుల దాకా సామాను చేర్చాడు. తిరుగు దారిలో మంచుపొగలో కనపడకపోతే ఎలాగని, దారికి అడ్డంగా రెండు వైపులా మైళ్ళ దూరం వరుసగా గుర్తుజెండాలు పాతించాడు. ఏ జెండా కనిపించినా డిపో ఎటువైపు ఉందో తెలిసిపోతుంది. కిరోసిన్ డబ్బాలకు మూతలు సోల్డరింగ్ చేయించాడు. స్కాట్ డబ్బాలకు తోలు వాషర్లు. ఆ చలికి తోలు ఎండి బిగుసుకుని కిరోసిన్ ఆవిరై పోయింది. సైట్ మీద పనిచేసినవాళ్ళకు తెలుస్తుంది, ప్రాణాలు ఇంత చిన్న చోట పోతాయి.

ఇక రెండో తేడా తిండి. ఉత్తరాన మంచు కింద సముద్రం ఉంది కాబట్టి సీల్ ఉంటుంది, దాని కోసం ఎలుగుబంటి ఉంటుంది, తుపాకీ ఉంటే బతకొచ్చు. దక్షిణాన ఒడ్డు దాటి లోపలికి వెళితే ప్రాణి లేదు. మోసుకెళ్ళిందే తిండి. మోసేవాటినే తిండిగా లెక్కవేశాడు అముండ్‌సెన్. ఎన్నో రోజు ఎన్ని కుక్కల్ని చంపి మిగతావాటికి, మనుషులకు పెట్టాలో బయల్దేరేముందే కాగితం మీద రాసుకున్నాడు. ఆ లెక్క తప్పు లేనిది. నేను మాత్రం ఎన్నిసార్లు చదివినా ఆ పేజీ దగ్గర మనసు చివుక్కుమంటుంది. వాళ్ళకూ అలాగే ఉండేదని తెలుస్తుంది. చంపినచోటుకు కసాయి అంగడి అని వాళ్ళే పేరు పెట్టుకున్నారు. అక్కడ 24 కుక్కలు పోయాయి.

ఎప్పుడూ నిదానంగా ఉండేవాడు ఒక్కసారి తొందరపడ్డాడు. స్కాట్ ముందే బయల్దేరుతాడేమోనని 1911 సెప్టెంబరులోనే కదిలాడు. చలి మైనస్ యాభై దాటి కుక్కల పాదాలు గడ్డకట్టాయి. వెనక్కి పరుగెత్తారు. నాయకుడు తన స్లెడ్జితో ముందు వచ్చేశాడు, వెనకబడినవాళ్ళు చీకట్లో చావు తప్పించుకుని చేరారు. వాళ్ళలో ఒకణ్ణి మోసుకున్నట్టుగా తెచ్చిన యాల్మార్ యోహాన్సెన్, నాన్సెన్‌తో ఉత్తరాన మంచుమీద నడిచిన పాత కాపు, అందరి ముందూ నాయకుణ్ణి నిలదీశాడు. అముండ్‌సెన్ అతన్ని ధ్రువం జట్టులోంచి తీసేశాడు. 1913లో యోహాన్సెన్ దిక్కులేనివాడిలా చనిపోయాడు. నిలదీసిన మాట నిజమే. దాన్ని నాయకుడు క్షమించలేకపోయాడు.

రెండోసారి అక్టోబరులో బయల్దేరారు. ఐదుగురు, నాలుగు స్లెడ్జిలు, 52 కుక్కలు. అముండ్‌సెన్, విస్టింగ్, హాన్సెన్, హాసెల్, వడ్రంగి ప్యాలాండ్. చదునైన మంచు పలక అయిపోయాక ఎదురుగా కొండలు. వాటిమధ్య ఎవరూ చూడని హిమానీనదం, యాక్సెల్ హైబర్గ్ అని పేరు పెట్టారు. నాలుగు రోజుల్లో సముద్రమట్టం నుంచి దాదాపు 3,000 మీటర్ల ఎత్తెక్కారు. ఉత్తర ధ్రువం దారిలో ఇలాంటిది లేదు. అక్కడ ఎక్కడ నిలబడ్డా సముద్రమట్టమే, కింద నాలుగు కిలోమీటర్ల నీరు. దక్షిణ ధ్రువం ఎత్తు 2,835 మీటర్లు. అందులో దాదాపు 2,700 మీటర్లు మంచే. అంత ఎత్తు, కింద వెచ్చదనం ఇచ్చే నీరు లేకపోవడం వల్లనే అక్కడ నడివేసవిలో కూడా మైనస్ ఇరవై, ముప్ఫై ఉంటుంది. ఉత్తర ధ్రువం వేసవిలో సున్నా దాకా వస్తుంది.

1911 డిసెంబరు 14న చేరారు. చేరామని సంతోషించి వదిలెయ్యలేదు. ముగ్గురు మూడు వైపులా మైళ్ళ దూరం వెళ్ళి చుట్టూ గుర్తులు పెట్టి వచ్చారు. గంట గంటకూ సూర్యుడి ఎత్తు కొలిచి, లెక్క సరిచేసుకుని ఇంకొంచెం జరిగి, చిన్న గుడారం వేశారు. నార్వే రాజుకు ఒక ఉత్తరం, దాన్ని అందజెయ్యమని స్కాట్‌కు ఒక చీటీ అందులో పెట్టారు. తాము దారిలో చస్తే రుజువు ఉండాలని. 1912 జనవరి 25న పదకొండు కుక్కలతో, అందరూ ఆరోగ్యంగా విడిది చేరారు. రానూపోనూ 99 రోజులు.

స్కాట్ జనవరి 18న ఆ గుడారం చూశాడు. అతని మోటారు స్లెడ్జిల్లో ఒకటి దింపుతుండగానే మంచు విరిగి మునిగింది, మిగతావి ఆగిపోయాయి. పొట్టి గుర్రాలు చలికి నిలవలేదు. మనుషులే బండ్లు లాగారు. అతని పెద్ద డిపోను 80 డిగ్రీల దగ్గర పెట్టాల్సింది, కాస్త ఇవతలే ఆపేశారు. తిరుగు దారిలో చివరి ముగ్గురూ దానికి 18 కిలోమీటర్ల దూరంలో చనిపోయారు. ప్రపంచం స్కాట్ కోసం ఏడ్చింది. గెలిచినవాడికి మెచ్చుకోలుతో పాటు మోసగాడన్న మాట కూడా మిగిలింది.

ఒక సొంత సంగతి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట నేను ఎర్రనేలలో బాగా నిలిచిన ఒక ప్రహరీ డ్రాయింగును, పైకి అలాగే చదునుగా కనిపించిన ఇంకో స్థలంలో యథాతథంగా కట్టించాను. అడుగు లోతున నల్లరేగడి. మొదటి ఎండాకాలానికే గోడ బీటలు తీసింది. నా సంతకమే ఉంది కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది ఫౌండేషన్ పుస్తకం కాదు, నీలం సుద్దముక్క.

అముండ్‌సెన్ తర్వాతి పదేళ్ళ కథ అంత బాగుండదు. 1918లో మౌడ్ అనే ఓడలో సైబీరియా పైనుంచి బయల్దేరాడు. భుజం విరిగింది, ఎలుగుబంటి మీద పడింది, మంచు అనుకున్నట్టు తీసుకెళ్ళలేదు. శాస్త్రజ్ఞుడు స్వెర్‌ద్రుప్ వల్ల ఆ యాత్రలో మంచి కొలతలు మాత్రం మిగిలాయి. సైబీరియా నుంచి ఇద్దరు ఆడపిల్లల్ని ఇంటికి తెచ్చి బడిలో వేశాడు. 1924లో దివాలా తీశాక వాళ్ళను తిరిగి పంపేశాడు. సొంత అన్నతోనే కోర్టుకెక్కాడు. పెళ్ళి చేసుకోలేదు.

యాభై దాటాక విమానాల మీద మనసు పడింది. 1925 మేలో రెండు సీప్లేన్లలో ఆరుగురు ఉత్తర ధ్రువానికి ఎగిరి, 250 కిలోమీటర్ల ఇవతల మంచు సందుల్లో దిగారు. ఒక విమానం పాడైంది. దిగిన నీటిసందు మూసుకుపోయింది. ఇక్కడే ఆ తేలే మూత అసలు స్వభావం తెలుస్తుంది. మంచు కొట్టి రన్‌వే చదును చేస్తే అది పగిలేది. ఇంకోచోట చేస్తే అదీ పగిలేది. సరైన పనిముట్లు లేవు. గొడ్డలీ, చెక్క పారలూ, కత్తులూ. తిండి రోజుకు కొద్దికొద్దిగా. మూడు వారాలకు పైగా వందల టన్నుల మంచు తీసి, జూన్ 15న ఆరుగురూ ఒకే విమానంలో ఇరుక్కుని లేచారు. అంత కష్టంలోనూ లోతు కొలిచారు. 3,750 మీటర్లు వచ్చింది. అక్కడ నేల ఉండే వీల్లేదని అప్పుడే తెలిసింది.

మరుసటి ఏడు ఇటలీ ఇంజినీరు ఉంబర్తో నోబిలె కట్టిన నోర్గే అనే గాలిఓడలో వెళ్ళారు. 1926 మే 11న స్పిట్స్‌బెర్గెన్‌లోని కింగ్స్ బే నుంచి లేచి, 12న ధ్రువం మీదుగా, 14న అలాస్కాలో దిగారు. ధ్రువానికి అవతల ఏదో తెలియని నేల ఉందని అప్పటిదాకా పటాల్లో ఊహ ఉండేది. చూస్తూ పోయారు, నేల లేదు, అంతా మంచు మూసిన సముద్రమే. ఆ కింగ్స్ బే ఊరినే ఇప్పుడు న్యూ ఓలెసుండ్ అంటారు. నోర్గేను కట్టిన ఇనుప స్తంభం అక్కడ ఇంకా నిలబడి ఉంది. మన దేశం 2008లో తెరిచిన హిమాద్రి పరిశోధనా కేంద్రం ఉన్నది ఆ ఊళ్ళోనే. దక్షిణాన మన మైత్రి, భారతి రాతినేల మీద ఉన్నాయి. ఉత్తరాన అలా ధ్రువం దగ్గర కట్టడానికి నేలే లేదు కాబట్టి దీవి ఒడ్డున కట్టుకున్నాం.

పేరు ఎవరిదన్న దానిమీద నోబిలెకూ అముండ్‌సెన్‌కూ చెడింది. అముండ్‌సెన్ తన ఆత్మకథలో అతని మీద విషం కక్కాడు. చదివిన మిత్రులు సిగ్గుపడ్డారు. 1928 మే 25న నోబిలె రెండో గాలిఓడ ఇటాలియా ధ్రువం చూసి తిరిగొస్తూ మంచు మీద కూలింది. సాయానికి వస్తావా అని అడిగితే అముండ్‌సెన్ ఆలోచించకుండా వస్తానన్నాడు. అప్పుడతనికి 55 ఏళ్ళు. ఇప్పుడు నాకూ అంతే. ఆ వయసులో, తిట్టి పోసిన మనిషి కోసం నేను బయల్దేరతానా అని చాలాసార్లు అనుకున్నాను. జవాబు నాకు నచ్చేట్టు రాలేదు.

జూన్ 18న ట్రోమ్సో రేవు నుంచి ఫ్రెంచివాళ్ళ లాథామ్ 47 సీప్లేన్‌లో ఆరుగురు లేచారు. కొన్ని గంటల తర్వాత రేడియో ఆగిపోయింది. ఆ వారంలోనే ఒక స్వీడన్ పైలట్ నోబిలెను తీసుకొచ్చాడు. జూలైలో మిగిలినవాళ్ళను రష్యా మంచుఓడ క్రాసిన్ రక్షించింది. అముండ్‌సెన్ శవం దొరకలేదు. ఆగస్టు చివర ఆ సీప్లేన్ తేలుబుడ్డి ఒకటి నార్వే తీరం బయట నీటిలో దొరికింది. అక్టోబరులో పెట్రోలు ట్యాంకు ఒకటి దొరికింది. దానికి చెక్క బిరడా కొట్టి ఉంది. విరిగిపోయిన తేలుబుడ్డి స్థానంలో దాన్ని కట్టి, విమానాన్ని నీటిమీద నిలబెట్టాలని ఎవరో ప్రయత్నించారని చూసినవాళ్ళు అనుకున్నారు.